ఖాళీగా ఉండాలన్నా తాహతుండాలి!

ఒకే జిల్లా. ఒక కొసన విజయవాడ... మరో కొసన తిరువూరు. మధ్య దూరం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. పని దొరికే తీరు చూస్తే మాత్రం రెండూ వేరువేరు లోకాలు. ఒకచోట పనులెందుకుంటాయి? ఇంకోచోట ఎందుకుండవు? అసలు నిరుద్యోగం రేటు తక్కువున్న ఊరు బాగున్నట్టేనా?

తెల్లవారుజామున తిరువూరు బస్టాండు దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఈ ప్రాంతం ఏం తిని బతుకుతోందో అర్థమైపోతుంది. ఒకవైపు విజయవాడ బస్సు కోసం భుజాన బ్యాగులతో కుర్రాళ్లు. వాళ్లలో కాలేజీకి వెళ్లేవాళ్లున్నారు, షాపుల్లో పనికెళ్లేవాళ్లున్నారు, ఏదో ఇంటర్వ్యూ ఉందని ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడ్డవాళ్లూ ఉన్నారు. రోడ్డుకి రెండోవైపు ట్రాలీ ఆటోలు. తలకు తువ్వాళ్లు చుట్టుకుని, చేతిలో అన్నం క్యారేజీలతో ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చుంటారు. మిరపకోతలకో, పత్తి తీతకో ప్రయాణం. ఎనిమిదయ్యేసరికి బస్సులూ ఆటోలూ వెళ్లిపోతాయి.

ఇక ఊళ్లో మిగిలేదెవరు? డిగ్రీ పూర్తిచేసి, పోటీపరీక్షల పుస్తకాలు ముందేసుకుని ఇంట్లో కూర్చున్న అబ్బాయి. బీఈడీ చదివి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి.

ఇప్పుడు ప్రభుత్వ సర్వే వాళ్లు వచ్చారనుకోండి. వీళ్లలో నిరుద్యోగులెవరని రాసుకుంటారు? ట్రాలీ ఆటో ఎక్కిన ఆవిడకి ఏడాదిలో సగం రోజులు పని దొరక్కపోవచ్చు. అయినా ఆవిడ ఉద్యోగే. పుస్తకాలు ముందేసుకున్న అబ్బాయి నిరుద్యోగి. ఆశ్చర్యంగా ఉందా? ఒక ప్రాంతానికీ మరో ప్రాంతానికీ నిరుద్యోగం రేటు ఎందుకు మారుతుందో తెలియాలంటే ముందు ఈ చిక్కుముడి విప్పుకోవాలి.

నిరుద్యోగి అంటే ఎవరు?

మనం మామూలుగా పనిలేని ప్రతివాళ్లనీ నిరుద్యోగులంటాం. సర్వే లెక్క అది కాదు. పని కోసం వెతుకుతూ ఉండాలి, లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉండాలి, అయినా పని దొరక్కూడదు. అప్పుడే నిరుద్యోగి. ‘ఎటూ దొరకదులే’ అని వెతకడం మానేసి, పనికి సిద్ధంగా కూడా లేకపోతే... ఆ లెక్కలో ఉండరు.

పనిచేసేవాళ్లు ఎవరన్న దానిక్కూడా ఓ కొలత ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా సరే, కనీసం 30 రోజులు ఏదో ఒక పని చేస్తే ‘సాధారణ స్థితి’ లెక్కలో ఉద్యోగే. వారం లెక్క అయితే ఇంకా సులువు. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట పనిచేస్తే చాలు. జీతం లేకుండా నాన్న పొలంలో సాయం చేసినా పనిచేసినట్టే.

ఈ కొలతల మీద చర్చ ఇప్పటిది కాదు. మనలాంటి దేశంలో నిరుద్యోగాన్ని ఒక్క అంకెతో కొలవకూడదని దంత్వాలా కమిటీ 1970లోనే చెప్పింది. దాని సూచనల ఆధారంగానే 1972-73 నుంచి జాతీయ నమూనా సర్వేలో ఏడాది, వారం, రోజు లెక్కలు విడివిడిగా వేయడం మొదలుపెట్టారు. 2017 నుంచి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే పేరుతో ఈ వివరాలు ఏటా వస్తున్నాయి.

ఆ సర్వే 2023-24 అంకెలు చూడండి. దేశం మొత్తమ్మీద నిరుద్యోగం 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 4.1, తెలంగాణలో 4.8. అక్షరాస్యతలో ముందుండే కేరళలో ఏకంగా 7.2. మరి మధ్యప్రదేశ్‌లో? ఒక్క శాతమే! అలాగని కేరళ కుర్రాళ్లు పని కోసం మధ్యప్రదేశ్ పల్లెలకు వెళ్తున్నారా? లేదు. అదే సర్వేలో పల్లెల్లో నిరుద్యోగం 2.5 శాతం ఉంటే పట్టణాల్లో 5.1 ఉంది. మనవాళ్లేమో పల్లె వదిలి పట్నమే వెళ్తున్నారు.

అసలు సంగతేంటంటే... ఖాళీగా కూర్చుని, నచ్చిన ఉద్యోగం వచ్చేదాకా ఆగాలంటే వెనక ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. గల్ఫ్ నుంచి అన్నయ్య డబ్బు పంపాలి, లేదా నాన్నకి పింఛనో, నాలుగెకరాల పొలమో ఉండాలి. ఏ పూటకాపూట వెతుక్కునే ఇంట్లో ఆ వీలుండదు. కూటి కోసం కోటి విద్యలన్నట్టు, దొరికిన పనికల్లా వెళ్లాల్సిందే. అందుకే పేద ప్రాంతాల్లో నిరుద్యోగం రేటు చాలాసార్లు తక్కువగా కనిపిస్తుంది. చదువు పెరిగిన చోట ఎక్కువ కనిపిస్తుంది. 2022-23 సర్వేలో దేశవ్యాప్తంగా పట్టభద్రుల్లో నిరుద్యోగం 13.4 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 24 శాతం. అంటే డిగ్రీ చదివి ఉద్యోగ వేటలోకి దిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు ఖాళీ!

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

ఇక తిరువూరు విషయానికొద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. అంతకుముందు కృష్ణా జిల్లా. ఆ పేరు వినగానే ఎవరికైనా కళ్లముందు కదిలేది పచ్చటి వరిచేలు. కానీ ఆ పచ్చదనం డెల్టాది. తిరువూరు, విస్సన్నపేట, ఏ.కొండూరు, గంపలగూడెం... ఇవన్నీ మెట్ట ప్రాంతాలు.

బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855 నాటికే పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ కాలువల కింద గుడివాడ, ఉయ్యూరు వైపు ఊళ్లకు వందేళ్లకు పైగా నీటి భరోసా ఉంది. నీళ్లుంటే పంట ఒక్కటే కాదు. పంట వెంట రైసు మిల్లు వస్తుంది. మిల్లు వెంట లారీ, లారీ వెంట మెకానిక్కు, ధాన్యం డబ్బుతో బట్టల కొట్టు, సినిమాహాలు, కాలేజీ... ఇలా ఒక్కో తరం మిగులు తర్వాతి తరానికి పెట్టుబడి అవుతుంది. డెల్టా రైతుల పిల్లలు సినిమాలు, హోటళ్లు, కాంట్రాక్టులు, కాలేజీల్లోకి వెళ్లడానికి దారి చూపించింది ఆ కాలువే.

మరి మెట్టకి? 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి ఇటు వస్తుంది. తిరువూరు ప్రాంతం దానికి చిట్టచివర. చివరి భూములంటే ఎలా ఉంటుందో రైతులకు చెప్పక్కర్లేదు. పైన నిండుగా ఉంటేనే కింద పారుతుంది. గోదావరి నీళ్లను ఈ మెట్టకు ఎక్కించే చింతలపూడి ఎత్తిపోతల పథకం జలయజ్ఞం రోజుల్లో మొదలైంది. ఏళ్లు గడిచినా పొలాలకు నీళ్లు రాలేదు. వానా బోరూ... వీటి మీదే సాగు. ఏ ఏడు ఎంత పని దొరుకుతుందో ఆకాశమే చెప్పాలి.

పండు ఇక్కడిది... పని ఎక్కడిది?

నీళ్లు తక్కువైనా తట్టుకునే పంట మామిడి. అందుకే నూజివీడు నుంచి తిరువూరు దాకా తోటలు పరుచుకున్నాయి. ఇక్కడి బంగినపల్లి, రసాల రుచి తెలియని తెలుగిల్లు ఉంటుందా? పత్తి, మిరప సరేసరి.

వీటిలో పని ఎలా ఉంటుందో క్యాలెండర్ పెట్టుకుని చూద్దాం. తొలకరికి విత్తనాలు, తర్వాత కలుపు. దసరా దాటాక పత్తి తీత. సంక్రాంతి తర్వాత మిరపకోతలు. ఆ రోజుల్లో కూలీలు దొరకడమే కష్టం. ముఠా మేస్త్రీలకు అడ్వాన్సులిచ్చి మరీ పిలుచుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి. చిక్కాలతో కాయ కోసేవాళ్లు, ఏరేవాళ్లు, ట్రేలలో సర్దేవాళ్లు, రాత్రిళ్లు తోట కాపలా ఉండేవాళ్లు... అందరికీ చేతినిండా పని. తర్వాత? లారీలు విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కో, మరో రాష్ట్రానికో వెళ్లిపోతాయి. పండుతోపాటు పనీ లారీ ఎక్కేస్తుంది.

ఇక్కడే చిత్తూరు ప్రాంతంతో పోల్చుకోవాలి. అక్కడ తోతాపురి కాయను గుజ్జుగా మార్చే కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. కోత తర్వాత కాయ కడగడం, గుజ్జు తీయడం, డబ్బాల్లో నింపడం, నిల్వచేయడం, ఎగుమతి... ఇదంతా అదనపు పని. తిరువూరు వైపు ఎక్కువగా పండేది కోసుకుని తినే కాయ. చెట్టు నుంచి నేరుగా మార్కెట్‌కే. రెండుచోట్లా పండేది మామిడే. ఒకచోట కాయ కర్మాగారం దాకా వెళ్తుంది, ఇంకోచోట లారీతో సరి. ధర పడిపోయిన ఏడు చిత్తూరు రైతూ గుజ్జు పరిశ్రమల గుమ్మం ముందు పడిగాపులు పడతాడు, అది వేరే కథ. కానీ ఒక పంట ఎంతమందికి ఎన్ని రోజులు పనిస్తుందన్నది దాన్ని పండించడం మీద కన్నా, పండించాక ఏంచేస్తారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

పట్టాలు పడని ఊరు

విజయవాడకు 19వ శతాబ్దం చివర్లోనే రైలొచ్చింది. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య అదే కూడలి అయింది. రైలు తర్వాత లారీలు, లారీల కోసం ఆటోనగర్, బొగ్గు రవాణా సౌకర్యం ఉండబట్టి ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్కేంద్రం, పక్కనే కొండపల్లి పారిశ్రామికవాడ... సున్నపురాయి దొరికే జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలు. తిరువూరుకి మాత్రం పట్టాలు పడలేదు. జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. సరుకుతో లారీలు వెళ్తుంటాయి. టీ తాగడానికి ఆగుతాయి. అంతే.

ఒక పరిశ్రమ వస్తే అందులో పనిచేసేవాళ్లకే ఉపాధి కాదు. అమెరికా నగరాలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎన్రికో మొరెట్టి, ఆధునిక టెక్నాలజీ రంగంలో ఒక ఉద్యోగం వస్తే కాలక్రమంలో అదే నగరంలో మరో ఐదు ఉద్యోగాలు పుడతాయని లెక్కగట్టాడు. క్షురకుడు, డ్రైవరు, టీచరు, నర్సు, హోటల్ సర్వరు... ఇలా. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్ చుట్టుపక్కల ఏం జరిగిందో చూసినవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. ఉన్నచోటికే ఇంకా వస్తాయి. లేనిచోట అలాగే ఉండిపోతుంది. ప్రాంతాల మధ్య తేడా తరాల తరబడి చెరగకపోవడానికి కారణం ఇదే.

అలాగని పరిశ్రమ వస్తే చాలు, అన్నీ తీరిపోతాయనీ కాదు. తిరువూరుకి అటుపక్క సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షమందికి పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు దాదాపు 40 వేలు. బొగ్గు తగ్గిందా? లేదు, అప్పటికన్నా ఎన్నోరెట్లు పెరిగింది. 2023-24లో 7 కోట్ల టన్నులు తవ్వారు. మనుషుల పని యంత్రాలు చేస్తున్నాయి. చిమ్నీ కనపడితే ఉద్యోగాలున్నట్టేనన్న పాత లెక్క ఇప్పుడు సరిపోదు.

ఊరి పక్కనే గీత

తిరువూరుకి ఇంకో ప్రత్యేకత ఉంది. కొద్ది కిలోమీటర్లు వెళ్తే తెలంగాణ. అటు ఖమ్మం జిల్లా పెనుబల్లి, కల్లూరు, వేంసూరు. పెళ్లిళ్లు, చుట్టరికాలు, సంతలు, ఆస్పత్రులు అన్నీ కలిసే ఉంటాయి. మిరప కూలికి ఈ గీతతో పనిలేదు. ఎక్కడ కూలి ఎక్కువిస్తే అక్కడికి ఆటో తిరుగుతుంది.

సర్కారీ కొలువు దగ్గరకొచ్చేసరికి గీత కనపడుతుంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో పోస్టు స్థాయిని బట్టి స్థానికులకు 60 నుంచి 80 శాతం ఉద్యోగాలుండేవి. మిగిలినవాటికి పక్క జోన్ వాళ్లూ పోటీపడేవారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త ఉత్తర్వుల్లో స్థానికుల వాటా 95 శాతం. వెనకబడిన ప్రాంతాల పిల్లలకు అలాంటి రక్షణ కావాలన్న వాదనలో న్యాయముంది. కానీ సరిహద్దు ఊళ్లో పుట్టిన కుర్రాడికి మాత్రం అరగంటలో వెళ్లగలిగే ఆఫీసు కన్నా అరరాష్ట్రం అవతలున్న ఆఫీసే అందుబాటులో ఉన్నట్టయింది.

పోనీ సొంత రాష్ట్రంలో? ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు పూర్తయ్యే నోటిఫికేషన్ వచ్చింది 2025లో. పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవాళ్లు 3 లక్షల మందికి పైనే. మధ్యలో గడిచిన ఏడేళ్లు ఆ అమ్మాయి ఏంచేసిందన్నది ఏ కాలమ్‌లో రాయాలి?

తగ్గింది రేటు... పెరగలేదు పని

ఇప్పుడో చిన్న లెక్క చేద్దాం. ఒక ఊళ్లో పనిచేయగలిగినవాళ్లు, చేయాలనుకునేవాళ్లు వందమంది ఉన్నారు. 90 మందికి పని ఉంది, పదిమంది వెతుకుతున్నారు. నిరుద్యోగం 10 శాతం. ఆ పదిమందిలో ఆరుగురు హైదరాబాద్ బస్సెక్కారు. ఇద్దరు విసుగొచ్చి ఇక పనే వద్దనుకున్నారు. మిగిలింది ఇద్దరే. లెక్కలో ఉన్నది 92 మంది. ఇప్పుడు నిరుద్యోగం రెండు శాతం పైచిలుకు! ఊళ్లో ఒక్కటంటే ఒక్క కొత్త ఉద్యోగం రాలేదు. అయినా కాగితం మీద ఊరు బాగుపడిపోయింది.

ఇది మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికా రాష్ట్రాల నాలుగు దశాబ్దాల అంకెలను శోధించి ఒలీవియే బ్లాంషార్, లారెన్స్ కాట్జ్ అనే ఆర్థికవేత్తలు 1992లో ఇలాంటి మాటే చెప్పారు. ఒక రాష్ట్రంలో పనులు పోతే నిరుద్యోగం కొన్నేళ్లకు మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. కారణం... పోయిన పనులు తిరిగిరావడం కాదు, ఎక్కువగా మనుషులు వెళ్లిపోవడమే.

వెళ్లినవాళ్లు తేలేది నగరంలో. ఉద్యోగాలున్న చోటే వెతికేవాళ్లూ ఎక్కువ. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకునేవాళ్లు అక్కడి అంకెల్లో చేరతారు. పట్నంలో ఉద్యోగం గ్యారంటీ లేకపోయినా, దొరికితే వచ్చే జీతం మీద ఆశతోనే పల్లె నుంచి వలస సాగుతుందని హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లోనే సూత్రీకరించారు. పల్లె కన్నా పట్నంలో రేటు ఎక్కువుండటం వెనక గుట్టు ఇది.

ఇక వెళ్లనూలేక, వెతకనూలేక మిగిలిపోయేవాళ్లున్నారు. ఏ.కొండూరు మండలంలోని తండాలనే తీసుకోండి. అక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. నిన్నటిదాకా కూలికెళ్లిన మనిషి డయాలసిస్ మొదలయ్యాక పని వెతకడు. వెతకడు, చేయడానికి సిద్ధంగానూ లేడు కాబట్టి నిరుద్యోగి కాడు. అతన్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన భార్యా కాదు. పసిబిడ్డని వదిలి వెళ్లే వీల్లేక ఉద్యోగం ఊసెత్తని చదువుకున్న కోడలూ కాదు. ఇంటికి రాబడి ఆగిపోయిన సంగతి వాళ్లకు తెలుసు, అంకెకి తెలియదు.

ఎదురుచూపుల ఖరీదు

మరి ఇంట్లో కూర్చున్న కుర్రాడిది సుఖమా? అస్సలు కాదు. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊరు ఉంది. ఊరంతటికీ ఆధారమైన బట్టల మిల్లు మాంద్యం రోజుల్లో మూతపడింది. మారీ యహోదా, ఆమె సహ పరిశోధకులు అక్కడికెళ్లి ఇంటింటి జీవితాన్నీ పరిశీలించి 1933లో పుస్తకం ప్రచురించారు. చేతినిండా ఖాళీ సమయం దొరికింది కదా, జనం బాగా చదువుకుంటారు, సంఘాల్లో తిరుగుతారనుకుంటాం. జరిగింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు తగ్గిపోయారు. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది. వెళ్లాల్సిన చోటు లేనివాడికి తొందరేముంటుంది?

మన ఇళ్లల్లోనూ ఇది జరుగుతోంది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తారు. ‘ఏంచేస్తున్నావురా?’ అని ఎవరైనా అడుగుతారని భయం. అమ్మానాన్నలు అడగరు, అడగలేరు. పక్కింటి ఆటో డ్రైవరు నెలకింత సంపాదిస్తున్నాడని నాన్న నోరుజారితే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినరు.

ఏం చూడాలి? ఏం అడగాలి?

2025 జనవరి నుంచి కేంద్రం లేబర్ ఫోర్స్ సర్వే తీరు మార్చింది. నమూనాల ఎంపికకు జిల్లాను ప్రాతిపదికగా తీసుకుంటోంది, నెలనెలా అంకెలిస్తోంది. మంచి మార్పే. కానీ జిల్లా అంకె వచ్చినా అందులో విజయవాడా, తిరువూరూ కలిసే ఉంటాయి. పక్కపక్క మండలాల తేడా దానికి అందదు.

కాబట్టి మన ప్రాంతం సంగతి మనకు తెలియాలంటే శాతం ఒక్కటీ అడిగితే చాలదు. ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతోంది? ఆ పనికి ఎంత వస్తోంది? పాతికేళ్లలోపు వాళ్లు ఎంతమంది ఊరు వదిలారు? ఎంతమంది వెతకడం మానేశారు? గ్రామసభలో అయినా, ఓట్లడగడానికొచ్చిన నాయకుణ్నయినా ఈ నాలుగు ప్రశ్నలూ అడగొచ్చు. చివరి భూములకి నీళ్లు, కాయ నిలవుండే శీతల గిడ్డంగి, మిరపని పొడిచేసే మిల్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే బస్సు... ఇవన్నీ ఆ ప్రశ్నలకు జవాబులే. పెద్ద కర్మాగారం కోసం ఎదురుచూస్తూ వీటిని చిన్నవిగా చూడక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు చేయగలిగిందీ ఉంది. పోటీపరీక్షలకు ఎన్నాళ్లు చదవాలన్నది ముందే కూర్చుని మాట్లాడుకుని ఒక గడువు పెట్టుకోవడం. ఆలోగా ఏదో ఒక చిన్న పనిలో ఉండటం నామోషీ కాదని పిల్లలకు చెప్పడం. అన్నిటికన్నా ముందు, ఉద్యోగం రాకపోవడం వాడి చేతకానితనమేనని అనుకోకపోవడం. మార్కులు ఒకటే అయినా పుట్టిన ఊరుని బట్టి దారులు మారతాయి. ఆ ఊరికి నీళ్లు ఎప్పుడొచ్చాయి, రైలు వచ్చిందా లేదా, గీత ఎక్కడ గీశారు... వీటిలో ఏదీ వాడు నిర్ణయించింది కాదు.

చీకటిపడే వేళకి తిరువూరు బస్టాండు మళ్లీ సందడిగా ఉంటుంది. ట్రాలీ ఆటోలు తిరిగొస్తాయి. దిగిన ఆడవాళ్లు రేపు ఏ చేలోకో మేస్త్రిని అడిగి తెలుసుకుని ఇళ్లకు వెళ్తారు. విజయవాడ బస్సు దిగిన కుర్రాడు ఇస్త్రీ నలిగిన చొక్కాతో నడుచుకుంటూ వస్తాడు. గుమ్మంలో ఎదురుచూస్తున్న అమ్మ ఇంటర్వ్యూ ఏమైందని అడగదు. ‘కాళ్లు కడుక్కో, అన్నం పెడతా’ అంటుంది.